మూడు నెలల తర్వాత తీసే రెండో ఎమ్మారై

2011 జనాభా లెక్కల ప్రకారం, భిలాయి ఉన్న ఇప్పటి దుర్గ్ జిల్లా సరిహద్దుల్లో ఉన్నవాళ్లు 17 లక్షల పైచిలుకు. అందులో మూడో వంతు పద్దెనిమిదేళ్ల లోపువాళ్లనుకుంటే పిల్లలు 5 లక్షల 70 వేల మంది. ఉన్నట్టుండి మెదడులో వాపు పుట్టి నరాల మీది పొరను దెబ్బతీసే జబ్బు ఒకటుంది. డాక్టర్లు పొడి అక్షరాల్లో ‘ఎడెమ్’ అంటారు. లెక్కలు సరిగా రాసిపెట్టుకునే దేశాల్లో అది ఏడాదికి లక్ష మంది పిల్లల్లో 0.2 నుంచి 0.5 మందికి వస్తోంది. ఆ రేటే ఇక్కడా ఉందనుకుని గుణిస్తే, జిల్లా మొత్తం మీద ఏడాదికి ఒకరి నుంచి ముగ్గురు పిల్లలు. వైశాలి నగర్, సుపేలా, నెహ్రూ నగర్, ప్లాంటు టౌన్‌షిప్ సెక్టార్లు, దుర్గ్ పట్టణం, చుట్టూ ఉన్న పల్లెలు అన్నీ కలిపితేనే ఆ అంకె.

ఇంత అరుదైనదానికి ఇంత పెద్ద కథనం ఎందుకంటారా? అరుదు కావడమే అసలు చిక్కు. వైశాలి నగర్‌లో క్లినిక్ నడిపే పిల్లల డాక్టరు తన సర్వీసు మొత్తంలో ఇలాంటి కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా చూడకపోవచ్చు. స్కాన్ సెంటర్లో కూర్చునే రేడియాలజిస్టు ముందుకు రోజూ వచ్చేవి నడుం నొప్పులు, మోకాళ్లు, పెద్దవాళ్ల పక్షవాతాలు. వాటి మధ్య ఒక మధ్యాహ్నం ఆరేళ్ల పిల్ల మెదడు స్కాన్ వస్తుంది. తెల్ల పదార్థంలో ఐదారు తెల్ల మచ్చలుంటాయి. రిపోర్టులో ‘ఎడెమ్ కావచ్చు, ఎం.ఎస్. కావచ్చు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు, క్లినికల్‌గా సరిచూసుకోండి’ అని రాస్తారు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మూడు ‘కావచ్చు’ల మధ్య ఆ పిల్ల రాబోయే ఇరవై ఏళ్లు ఉన్నాయి. ఒకటి సాధారణంగా ఒక్కసారి వచ్చి పోయేది, ఒకటి (ఎం.ఎస్., అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాల పొరను పదే పదే దెబ్బతీసే జబ్బు) ఏళ్ల తరబడి మందు వాడాల్సింది, ఒకటి ఈ రాత్రే వేరే మందు మొదలుపెట్టాల్సింది.

భిలాయి తెలుగు ఇళ్లలో ఈ చిక్కు ఇంకాస్త ముదురుతుంది. సోవియట్ యూనియన్‌తో భిలాయి ఉక్కు కర్మాగారం ఒప్పందం 1955 ఫిబ్రవరిలో కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ప్లాంటులో చేరినవాళ్లు, రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి వైశాలి నగర్ లాంటి కాలనీల్లో సొంత ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడు జబ్బు పడే పిల్లలు వాళ్ల మనవలు, మునిమనవలు. డాక్టరు హిందీలో చెబుతాడు, రిపోర్టు ఇంగ్లిషులో ఉంటుంది, నాన్నమ్మకు తెలుగులో చెప్పాలి. వైద్యం కూడా మూడు చోట్ల నడుస్తుంది. సెక్టార్ 9లోని ప్లాంటు ఆసుపత్రిలోనో దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలోనో మొదలై, పాతిక కిలోమీటర్ల దూరంలో తాటీబంద్ దగ్గరున్న రాయపూర్ ఎయిమ్స్‌కు వెళుతుంది. ‘మనవాళ్లు అక్కడున్నారు’ అనుకుంటే ఐదొందల కిలోమీటర్లు దాటి విశాఖకూ చేరుతుంది. ఒక చోటి స్కాన్ ఇంకో చోటికి సరిగా చేరకపోతే ఏం పోతుందో తెలియాలంటే, ఆ స్కాన్‌లో డాక్టర్లు ఏం వెతుకుతారో ముందు చూడాలి.

మెదడు నుంచి బయల్దేరే సందేశం, పొర ఉన్న నరంలో సెకనుకు 100 మీటర్ల వేగాన్ని కూడా అందుకుంటుంది. పొర లేని సన్నని నరంలో అది సెకనుకు ఒకటి రెండు మీటర్లే. ఆ పొర పేరు మైలిన్, కొవ్వు ఎక్కువగా ఉండే పదార్థం. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఏదో వైరస్ మీద యుద్ధానికి బయల్దేరి, పొరపాటున ఈ పొర మీద పడితే ఎడెమ్ లాంటి జబ్బులు వస్తాయి. అందుకే చాలామంది పిల్లల్లో కథ ఒకేలా మొదలవుతుంది. జలుబో జ్వరమో వచ్చి తగ్గుతుంది. ఒకటి నుంచి మూడు వారాల తర్వాత పిల్లాడు మత్తుగా ఉంటాడు, చిరాకు పడతాడు, మాట తడబడుతుంది, నడిస్తే తూలుతాడు, కొందరికి ఫిట్స్ వస్తాయి. ఎక్కువగా 5 నుంచి 8 ఏళ్ల మధ్య పిల్లలు. ‘జ్వరం నీరసం’ అని ఇంట్లో రెండు రోజులు చూసేది ఈ దశలోనే. జ్వరం దిగాక కూడా పిల్లాడు మనిషి మనిషిలా లేకపోతే అది నీరసం కాదు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎమర్జెన్సీలో చాలాసార్లు ముందు సిటీ స్కాన్ తీస్తారు. రక్తస్రావం, గడ్డ, నీరు చేరడం లాంటివి రెండు నిమిషాల్లో తేల్చడానికి అది మంచిదే. కానీ మైలిన్ జబ్బుల్లో సిటీ మామూలుగా కనిపించినంత మాత్రాన ఊపిరి పీల్చుకోవడానికి లేదు. దీనికి ఒక పాత లెక్క ఉంది. 1981లో లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రి బృందం పదిమంది ఎం.ఎస్. రోగులకు రెండు రకాల స్కాన్లూ తీసింది. సిటీలో కనిపించిన మచ్చలు 19. అప్పుడే కొత్తగా వచ్చిన ఎమ్మారైలో ఆ 19తో పాటు ఇంకో 112 కనిపించాయి. నలభై ఏళ్లలో రెండు యంత్రాలూ ఎంతో మెరుగయ్యాయి కానీ ఈ తేడా మాత్రం పోలేదు. పైగా తల సిటీ ఒక్కదానికి 2 మిల్లీసీవర్టుల దాకా రేడియేషన్ పడుతుంది, ఎమ్మారైలో అసలు రేడియేషనే లేదు.

ఎమ్మారైలో ఉండేవి అయస్కాంతం, రేడియో తరంగాలు. మామూలు మెషీన్ బలం 1.5 టెస్లా, అంటే భూమి అయస్కాంత బలానికి ముప్పై వేల రెట్లు పైనే. ఆ బలంలో ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు 64 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతాయి, 3 టెస్లా మెషీన్‌లో అయితే 128 దగ్గర. మన ఎఫ్.ఎం. రేడియో 88 నుంచి 108, సరిగ్గా ఈ రెండింటి మధ్య. బయటి రేడియో లోపలికి చొరబడకుండా ఆ గది గోడలకు లోపల రాగి రేకు తొడుగుతారు. వాపు వచ్చిన చోట నీరు పెరుగుతుంది, పొర చెడిన చోట కొవ్వు తగ్గుతుంది. అందుకే ఫ్లెయిర్ అనే ఒక రకం బొమ్మల వరసలో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. మెదడు లోపలి నీటి గదుల్లోని నీరు కూడా తెల్లగానే కనిపించాలి కానీ, ఫ్లెయిర్ దాన్ని కావాలని నల్లగా చేసేస్తుంది. పక్కనున్న మచ్చ దాక్కోకుండా ఉండడానికి ఆ ఏర్పాటు.

ఇంటికి తెచ్చుకునే ఫిల్మ్‌ను ఒకసారి వెలుతురుకు పట్టి చూడండి. 14 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవు. దాని మీద ఐదు వరసలు, వరసకు నాలుగు బొమ్మలు, మొత్తం ఇరవై. ఒక్కో బొమ్మ మూడున్నర అంగుళాలు మించదు, అందులో తల ఇంకాస్త చిన్నది, అంటే నిజం తలలో సగం సైజు కూడా ఉండదు. ఎం.ఎస్. మచ్చగా లెక్కకు రావాలంటే పొడవు కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలని నియమం. అది ఈ ఫిల్మ్ మీద మిల్లీమీటరున్నర కూడా ఉండదు. మామూలు స్కాన్‌లో మెదడును 5 మిల్లీమీటర్ల మందం ముక్కలుగా, మధ్యలో కాస్త ఖాళీ వదిలి, 20 నుంచి 25 ముక్కలు తీస్తారు. మూడు మిల్లీమీటర్ల మచ్చ ఐదు మిల్లీమీటర్ల ముక్కలో పడితే చుట్టూ ఉన్న మంచి కణజాలంతో కలిసి వెలిసిపోతుంది. ఖాళీలో పడితే అసలే కనిపించకపోవచ్చు. అందుకే ఈ జబ్బుల అనుమానం ఉన్నప్పుడు ముక్క 3 మిల్లీమీటర్లకు మించకూడదని, ఖాళీ వదలకూడదని, వీలైతే ఫ్లెయిర్‌ను 1 మిల్లీమీటర్ ముక్కలుగా త్రీడీలో తీయాలని అంతర్జాతీయ సిఫార్సులు చెబుతున్నాయి. త్రీడీలో ముక్కలు 150 దాటతాయి, అవి ఫిల్మ్ మీద పట్టవు. సీడీలోనే ఉంటాయి.

నా మటుకు నాకు ఇక్కడే కోపం వస్తుంది. ఫిల్మ్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బీరువా మీద భద్రంగా దాచే ఇంట్లోనే సీడీని పిల్లలు ఆడుకోవడానికి ఇచ్చేస్తారు. పెద్ద డాక్టరుకు కావలసింది ఆ సీడీ.

మరి ఆ మచ్చల్లో చూసేదేమిటి? ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని ఉన్నాయి?’ డాక్టరుకు అంతకంటే ముఖ్యమైనవి మూడు: ఎంత పెద్దవి, అంచు ఎలా ఉంది, ఎక్కడున్నాయి. ఎడెమ్‌లో మచ్చలు పెద్దవి, ఒకటి రెండు సెంటీమీటర్లు దాటినవి. అంచులు దూది పింజల్లా చెదిరి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో చెప్పలేనట్టు ఉంటాయి. మెదడు రెండు వైపులా తెల్ల పదార్థంలో పరుచుకుంటాయి, తరచుగా లోపలి బూడిద రంగు భాగాలైన థాలమస్ లాంటి వాటిలోకీ వెళతాయి. ఎం.ఎస్. మచ్చలు చిన్నవి, కోలగా ఉంటాయి, అంచు గీసినట్టు ఉంటుంది. నీటి గదుల పక్కనే వాటికి నిలువుగా అంటుకుని కనిపిస్తాయి.

దీన్ని అంకెల్లోకి దించడానికి చాలామంది ప్రయత్నించారు. 2009లో కెనడా పరిశోధకులు ఒక చిన్న సూత్రం ప్రతిపాదించారు. రెండు వైపులా పరుచుకున్న తీరు లేకపోవడం, టీ1 అనే వరసలో నల్లగా కనిపించే గుంటలుండడం, నీటి గదుల పక్కన రెండు లేక అంతకంటే ఎక్కువ మచ్చలుండడం. ఈ మూడింటిలో ఏ రెండు ఉన్నా మొదటిసారి వచ్చింది ఎడెమ్ కంటే ఎం.ఎస్. అయ్యే అవకాశం ఎక్కువ. రెండేళ్ల తర్వాత అక్కడివాళ్లే ఇంకా పెద్ద లెక్క బయటపెట్టారు. మొదటిసారి ఇలాంటి జబ్బుతో వచ్చిన 284 మంది పిల్లలను దాదాపు నాలుగేళ్లు గమనించారు. అందులో 57 మందికి, అంటే ఐదుగురిలో ఒకరికి, ఎం.ఎస్. అని తేలింది. కనీసం ఒక నల్ల గుంట, నీటి గదుల పక్కన కనీసం ఒక మచ్చ, ఈ రెండూ మొదటి స్కాన్‌లోనే ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువని కనిపించింది. ఆ ఐదుగురిలో మిగతా నలుగురికి ఎం.ఎస్. కాదు. ఈ ‘నలుగురు’ అన్న మాట ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. ఎందుకంటే రిపోర్టులో ‘ఎం.ఎస్. కావచ్చు’ అన్న రెండు ముక్కలు చూడగానే ఫోన్లో వెతికి, వీల్‌చైర్ బొమ్మలు చూసి రాత్రంతా నిద్రపోని తల్లిదండ్రులే ఎక్కువ.

పెద్దవాళ్ల ఎం.ఎస్. నిర్ధారణకు వాడే మెక్‌డొనాల్డ్ సూత్రాలు 2001లో మొదలై, 2005, 2010, 2017ల్లో మారాయి, 2024లో మళ్లీ సవరించారు. 2017 సూత్రం ప్రకారం నీటి గదుల పక్కన, మెదడు పై పొరలో లేక దాన్ని ఆనుకుని, మెదడు కాండం-చిన్న మెదడు ప్రాంతంలో, వెన్నుపాములో, ఈ నాలుగు చోట్లలో కనీసం రెండింట మచ్చలుండాలి. కొత్త సవరణలో కంటి నరం అయిదో చోటుగా చేరింది. పిల్లల విషయంలో మాత్రం ఆ 2017 పత్రమే హెచ్చరించింది. 11 ఏళ్లు, ఆపైవాళ్లకు, అదీ ఎడెమ్‌లా మొదలుకాని వాళ్లకే ఈ సూత్రం బాగా పనిచేస్తుందని, అంతకంటే చిన్నవాళ్లకు జాగ్రత్త పడాలని. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఎడెమ్ వచ్చిన ఆరేళ్ల పిల్లాడి మెదడులో ఒకే రోజు నాలుగు చోట్లా మచ్చలుండొచ్చు. పెద్దవాళ్ల సూత్రం గుడ్డిగా పెడితే వాడికి ఎం.ఎస్. ముద్ర పడిపోతుంది. ఇక రెండేళ్ల లోపు పసిపిల్లల సంగతి వేరే. మైలిన్ ఇంకా పూర్తిగా ఏర్పడని ఆ వయసులో తెల్ల పదార్థం కొన్ని వరసల్లో మామూలుగానే తెల్లగా కనిపిస్తుంది.

గత పదిహేనేళ్లలో ఈ కథలోకి మూడో పేరు వచ్చింది. మైలిన్ పొర పైభాగంలో ఉండే ఒక ప్రొటీన్‌కు వ్యతిరేకంగా కొందరి రక్తంలో యాంటీబాడీలు తయారవుతాయి. ఆ ప్రొటీన్‌ను డాక్టర్లు ‘మాగ్’ అంటారు. స్పెయిన్‌లో 2020లో వెలువడిన అధ్యయనంలో ఇలాంటి జబ్బులొచ్చిన 239 మంది పిల్లల్లో 94 మందికి, అంటే వందకు 39 మందికి, ఈ యాంటీబాడీ కనిపించింది. అదే ఏడాది కెనడా లెక్క 274లో 84. వందకు ముప్పై, నలభై మంది పిల్లలకు ఉన్నది ఎం.ఎస్. కాదు, వేరే జబ్బని దీంతో తేలిపోయింది. ఆ మాగ్ జబ్బును నిర్ధారించే సూత్రాలు 2023లో వచ్చాయి. మన దేశంలో మంగళూరులో డాక్టర్ లేఖా పండిత్ బృందం ఈ జబ్బుల మీద, ఈ రక్త పరీక్షల మీద ఏళ్లుగా పనిచేస్తోంది.

మాగ్ రిపోర్టు చేతికొస్తే ‘పాజిటివ్’ అన్న మాట దగ్గర ఆగకండి. పక్కన 1:10 లాంటి అంకె ఉంటుంది. 2023 సూత్రాల ప్రకారం, సాధారణంగా మన ల్యాబుల్లో చేసే ఫిక్స్‌డ్ కణాల పద్ధతిలో 1:100, ఆ పైన ఉంటే స్పష్టమైన పాజిటివ్. 1:10 నుంచి 1:100 లోపు ఉంటే అది బలహీనమైన పాజిటివ్, ఎమ్మారైలో తగిన లక్షణాలు ఉంటేనే నమ్మాలి. థాలమస్‌లో అంచు తెలియని మచ్చలు, చిన్న మెదడును కాండంతో కలిపే భాగంలో మచ్చలు, కంటి నరం సగానికి పైగా వాచడం, వెన్నుపాములో మూడు పూసల పొడవు దాటిన వాపు లాంటివి ఆ లక్షణాలు. అంటే ఇక్కడ కూడా స్కాన్ లేకుండా రక్త పరీక్ష ఒంటరిగా నిలబడదు. ఇంకో చిన్న మాట. ఈ రక్తం ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కించక ముందు, ప్లాస్మా మార్చక ముందు తీయాలి. తర్వాత తీస్తే ఫలితం తారుమారయ్యే వీలుంది.

ఈ జబ్బు కొత్త ల్యాబుల్లో పుట్టిందేమీ కాదు, మన ఊళ్లకు పాత పరిచయమే. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ వరసగా పొడిచే ఇంజెక్షన్లు యాభై దాటిన వాళ్లందరికీ గుర్తుంటాయి. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన ఆ టీకాను గొర్రె మెదడులో వైరస్‌ను పెంచి చేసేవారు. గొర్రె మెదడులోని మైలిన్ కూడా టీకాతో పాటే ఒంట్లోకి వెళ్లేది. దాన్ని శత్రువుగా పొరబడిన రక్షణ వ్యవస్థ, మనిషి మైలిన్ మీద కూడా దాడి చేసేది. టీకా వేయించుకున్న కొన్ని వందల మందిలో ఒకరికి ఇలా జబ్బు వచ్చిందని కొన్ని చోట్ల, వేలల్లో ఒకరికి అని మరికొన్ని చోట్ల లెక్కలున్నాయి. 2004 చివరికి మన దేశంలో ఆ టీకా తయారీ ఆగింది. ఇప్పుడు భుజానికి వేసే నాలుగైదు డోసుల టీకాలో మెదడు కణజాలం ఉండదు. ఈ పాత భయాన్ని పట్టుకుని పిల్లల టీకాలు మానేసేవాళ్లకు ఇంకో లెక్క చూపించాలి. తట్టు వచ్చిన వెయ్యి మందిలో ఒకరికి ఇలాంటి మెదడు వాపు వస్తుంది. తట్టు టీకా తర్వాత అలాంటివి పది లక్షల డోసులకు ఒకటి రెండు మాత్రమే నమోదయ్యాయి.

ఇప్పుడు అసలు మాటకొద్దాం. పిల్లాడు ఆసుపత్రిలో ఉన్నాడు. ఎడెమ్ అనుకున్నారు. కిలోకు 30 మిల్లీగ్రాముల లెక్కన, రోజుకు గ్రాము మించకుండా, మూడు నుంచి ఐదు రోజులు మిథైల్ ప్రెడ్నిసోలోన్ ఎక్కిస్తారు. 18 కిలోల పిల్లాడికి రోజుకు 540 మిల్లీగ్రాములు. చాలామంది ఒకటి రెండు వారాల్లో లేచి కూర్చుంటారు. నెల తిరిగేసరికి వీధిలో సైకిల్ తొక్కుతుంటారు. పూర్తిగా కోలుకునేవాళ్లే ఎక్కువ. డిశ్చార్జ్ కాగితం చివర ‘మూడు నెలల తర్వాత ఎమ్మారై’ అని ఒక వాక్యం ఉంటుంది. చాలా ఇళ్లలో అది అక్కడే ఆగిపోతుంది. ‘బాగానే ఉన్నాడు కదండీ, మళ్లీ మత్తిచ్చి ఆ గొట్టంలోకి పంపడం ఎందుకు?’ అంటుంది నాన్నమ్మ. ఆవిడ మాటను తోసిపుచ్చడం కష్టం, ఎదురుగా పిల్లాడు గంతులేస్తున్నాడు మరి.

మూడు నెలలన్నది ఎవరో సరదాకు పెట్టిన గడువు కాదు. పిల్లల ఎం.ఎస్. మీద పనిచేసే అంతర్జాతీయ బృందం 2007లో రాసి, 2013లో సవరించిన నిర్వచనంలోనే అది ఉంది. మొదలైన రోజు నుంచి మూడు నెలల లోపు కొత్త లక్షణం వచ్చినా, కొత్త మచ్చ కనిపించినా అది అదే దాడిలో భాగమని లెక్క. మూడు నెలలు దాటాక కొత్తవి రాకపోతేనే ఎడెమ్ అన్న పేరు నిలబడుతుంది. అంటే మొదటి స్కాన్ మీద రాసిన ‘ఎడెమ్’ అన్న పేరు నిజానికి తాత్కాలికం. ఖాయం చేసేది రెండో స్కాన్. అందులో మచ్చలు కరిగిపోతే, చిన్నవైతే మంచి వార్త. మాగ్ జబ్బులో మచ్చలు పూర్తిగా మాయమయ్యే గుణం ఎక్కువ, ఎం.ఎస్. మచ్చలు చాలావరకు ఆనవాలు వదిలే పోతాయి. కొత్తవి పుట్టి ఉంటే, పిల్లాడు సైకిల్ తొక్కుతున్నా, లోపల కథ నడుస్తున్నట్టే. మచ్చలు తగ్గకుండా పెరుగుతూ పోతే అది మైలిన్ జబ్బే కాకపోవచ్చు, పుట్టుకతో వచ్చిన తెల్ల పదార్థపు జబ్బో, లింఫోమా లాంటి గడ్డో అయి ఉండొచ్చు. స్టెరాయిడ్ లింఫోమాను కూడా కొన్నాళ్లు కుదించి మోసం చేయగలదు. ఆ మోసం బయటపడేది కూడా తర్వాతి స్కాన్లలోనే. అందుకే 2016లో వచ్చిన ఒక సమీక్ష ఒకటి కాదు, కనీసం రెండు తిరుగు స్కాన్లు సూచించింది. ఒకటి మూడు నెలలకు, ఇంకొకటి తొమ్మిది నుంచి పన్నెండు నెలలకు.

కొత్త మచ్చలను తొందరగా పట్టుకుంటే ఒరిగేదేమిటంటే, దానికీ అంకె ఉంది. ఎం.ఎస్. చిన్నప్పుడే మొదలైన వాళ్లలో తొలి ఏళ్లలో ఏడాదికి సగటున 1.13 దాడులు, పెద్దయ్యాక మొదలైన వాళ్లలో 0.40 అని అమెరికాలో 2009లో లెక్క తేలింది. పదేళ్ల నుంచి పదిహేడేళ్ల వయసున్న 215 మంది మీద జరిగి 2018లో ఫలితాలు వచ్చిన పరీక్షలో ఫింగోలిమోడ్ మాత్ర వాడినవాళ్లకు ఏడాదికి 0.12 దాడులే వచ్చాయి, ఇంటర్‌ఫెరాన్ వాడినవాళ్లకు 0.67. స్కాన్‌లో కొత్తగా పుట్టిన, పెరిగిన మచ్చలు ఏడాదికి ఇంటర్‌ఫెరాన్ వాడినవాళ్లలో 9.27, మాత్ర వాడినవాళ్లలో 4.39. కాబట్టి ఎం.ఎస్. అని తేలితే చేతులు ముడుచుకోనక్కర్లేదు. కానీ పేరు తప్పితే ప్రమాదమూ ఉంది. కంటి నరాన్ని, వెన్నుపామును ఎక్కువగా దెబ్బతీసే ఎన్.ఎం.ఓ. అనే ఇంకో జబ్బుకు ఇదే మాత్ర, ఇదే ఇంటర్‌ఫెరాన్ ఇస్తే జబ్బు ముదిరిన సందర్భాలున్నాయి.

మన ప్రాంతానికి ఇంకో జాగ్రత్త. థాలమస్ రెండు వైపులా తెల్లబడితే పాశ్చాత్య పుస్తకం ఎడెమ్ అనొచ్చు, మన దగ్గర జపనీస్ ఎన్‌కెఫలైటిస్ కూడా అచ్చంగా అలాగే కనిపిస్తుంది. క్షయ గడ్డలు, తట్టు వచ్చిపోయిన ఏళ్ల తర్వాత వచ్చే మెదడు జబ్బు కూడా వరసలో ఉంటాయి. వెన్నులో నీరు తీసి పరీక్షించడానికి చాలా ఇళ్లలో ఒప్పుకోరు, ‘కాళ్లు పడిపోతాయట’ అని. సరైన చోట, సరిగా తీస్తే కాళ్లు పడిపోవు. ఇన్‌ఫెక్షన్‌ను తోసిపుచ్చకుండా స్టెరాయిడ్ ఇవ్వడం కంటే ఆ సూది చాలా చిన్న విషయం.

మత్తు గురించి భయం మాత్రం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకూడదు. స్కాన్ 20 నుంచి 45 నిమిషాలు, శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది, కదిలితే బొమ్మ చెడుతుంది. ఐదారేళ్ల లోపు పిల్లలకు మత్తు తప్పకపోవచ్చు. అన్నం, పాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపాలన్నది మామూలు నియమం. మీ ఆసుపత్రి చెప్పినదే పాటించండి, ‘పాపం ఆకలి’ అని మధ్యలో బిస్కెట్ పెట్టకండి. కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం నిజం. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలకు ముందురోజు ఆ శబ్దాల వీడియో చూపించి, కదలకుండా పడుకోవడం ఆటగా నేర్పితే చాలామందికి మత్తు అక్కర్లేదు. ఇక గాడోలినియం సూది. కిలోకు 0.1 మిల్లీమోల్, అంటే చాలా రకాల మందుల్లో 18 కిలోల పిల్లాడికి 3.6 మిల్లీలీటర్లు. మొదటి స్కాన్‌లో అది ఉపయోగపడుతుంది. ఆ లోహం కాస్త ఒంట్లో మిగిలిపోతుందని తేలింది కాబట్టి, ప్రతి తిరుగు స్కాన్‌కూ అది అవసరమా అని అడగడం మీ హక్కు. కొత్త తెల్ల మచ్చలు పుట్టాయా అని చూడడానికి చాలాసార్లు సూది లేకుండానే సరిపోతుంది.

రెండో స్కాన్ వీలైతే మొదటిది తీసిన మెషీన్ మీదే, అదే మందం ముక్కలతో తీయించండి. ఒకసారి 5 మిల్లీమీటర్లు, ఇంకోసారి 3 మిల్లీమీటర్లు తీస్తే, కొత్తగా కనిపించిన మచ్చ నిజంగా కొత్తదా, మొదటిసారి ఖాళీలో దాక్కున్నదా చెప్పడం పెద్ద డాక్టరుకు కూడా కష్టం. రేడియాలజిస్టుకు పాత సీడీ ఇచ్చి, ‘దీనితో పోల్చి రాయండి’ అని నోటితో చెప్పండి. చెప్పకపోతే చాలాసార్లు పోల్చరు. సీడీని ఇంటి కంప్యూటర్లో ఒకసారి కాపీ చేసుకుని, కాపీని పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్లో ఒకటి దాచండి. రాయపూర్ వెళ్లినా, విశాఖ వెళ్లినా అది వెంట ఉండాలి. డిశ్చార్జ్ అయ్యే రోజు ‘మూడు నెలల తర్వాత’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా, ఫలానా నెల ఫలానా తేదీ అని డాక్టరు చేతే కాగితం మీద రాయించుకోండి.